నేను చదవని మడగాస్కర్

పదో తరగతితో చదువు ఆపేసిన నేను సింగపూర్‌లోని తువాస్‌లో స్టోర్‌కీపర్‌ని. మిగతాదంతా లైబ్రరీ చదువే. కిందటేడు బూన్ లేలోని మా పాఠకుల బృందం నన్ను మడగాస్కర్ గురించి మాట్లాడమంది. నాన్నకూ చదువొచ్చని చూడాలని, పదమూడేళ్ల మా అమ్మాయిని పట్టుబట్టి తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాను.

మా వీధిలో పూసే ఎర్ర తురాయికి పుట్టిల్లు ఆ దీవేనని చెబితే చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో, "అక్కడంతా అడవే. జనానికి వ్యవసాయం తెలియదు, వేటాడి బతుకుతారు" అన్నాను. మలయ్ పిల్లలా ఉన్న ఒక యువతి ఫక్కున నవ్వింది.

"మలయ్ అమ్మాయివి, ఆఫ్రికా సంగతి నీకెలా తెలుస్తుంది? పుస్తకాలు చదవాలమ్మా" అన్నాను.

"అంకుల్, నేను మలయ్ కాదు, మాది మడగాస్కరే. మా పూర్వీకులు ఎప్పుడో ఇటువైపు నుంచే ఆ దీవికి వెళ్లారు. మా ఊళ్లో అడవి ఎప్పుడో పోయింది, ఎర్రమట్టి కొండలే మిగిలాయి. మూడు పూటలా అన్నమే తింటాం. మా అమ్మ వరి నాట్లు వేస్తుంది" అందామె.

అందరూ నవ్వారు. మా అమ్మాయి తల దించుకుని, "చాలు లా నాన్నా, కూర్చో" అంది సింగపూర్ యాసలో.

ఆ ప్రసంగం కోసం లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో చెట్ల గురించి ప్రతి పేజీ చదివాను. జనం గురించిన అధ్యాయాన్ని మాత్రం బొమ్మలు లేవని వదిలేశాను. ఇప్పుడు నేనేం చెప్పినా మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చూసుకున్నాకే తలూపుతుంది.