షుగర్ మాత్రలు మింగిన బుల్టి

కోల్‌కతా పక్కనున్న సంత్రాగాఛి వెళ్ళేవాళ్ళకి ముందే చెబుతున్నాను, హౌరా దాకా పోయి వెనక్కి రానక్కర్లేదు, మనవైపు బళ్ళు చాలావరకు అక్కడే ఆగుతాయి. మేం పలాసలో రాత్రి బండెక్కి పొద్దున్న ఎనిమిదింటికి దిగాం. మా ఆయన మేనకోడలు లక్ష్మి ఉండేది అక్కడి రైల్వే క్వార్టర్లలోనే. దాని మూడేళ్ళ కూతురు బుల్టిని మేం చూడడం అదే మొదలు.

సామాను తగ్గించడంలో మా ఆయన మహా ఘనుడు. తన షుగర్ మాత్రలన్నీ రేకుల్లోంచి ఊడదీసి, ఖాళీ హోమియో సీసాలో పోసి జేబులో వేసుకున్నారు. బోగీలో ఎదురు సీటాయన "భలే ఐడియా సార్" అని మెచ్చుకున్నాడు కూడా.

కోల్‌కతాలో చాలా ఇళ్ళలో పిల్లలకి దగ్గొచ్చినా జలుబొచ్చినా హోమియో తీపి గుళికలే. బుల్టికి ఆ సీసా బాగా పరిచయం. మేం వంటింట్లో లూచీలనే మైదా పూరీలు, ఆలూ కూర తింటుంటే వచ్చి ఫిర్యాదు చేసింది.

"తాతా, నీ మందు తియ్యగా లేదు."

కుర్చీ మీద ఆయన చొక్కా, దాని కింద మూత తీసిన సీసా. లక్ష్మి గబుక్కున సీసా అందుకుంది. "మావయ్యా, ఏటి మందది? ఎన్ని మింగీసింది?"

షుగర్ మాత్రలని చెప్పారు గానీ, ఎన్ని పోయాయో ఆయనకేం తెలుసు? రేకులుంటే ఖాళీలు చూసి చెప్పేవాళ్ళం.

ఉప్పునీళ్ళు తాగించి కక్కిద్దామన్నాను, లక్ష్మి వద్దంది. సీసా పట్టుకుని టాక్సీ ఎక్కాం. బుల్టి దారంతా డ్రైవరన్నకి పాటలు పాడింది. అది చూసి నాకు ధైర్యమొచ్చి, "ఇంటికి పోదామా" అన్నాను.

పిల్లల ఆసుపత్రిలోనూ అదే మాటంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "ఆడుతోందని పంపలేను. ఇంత పిల్లకి ఈ మాత్ర ఒక్కటి చాలు. గంటలు గడిచాకైనా రక్తంలో చక్కెర పడిపోతుంది," అంది హిందీలో. మాటిమాటికీ వేలు పొడిచి చూస్తున్నారు, తిండి పెట్టమన్నారు. ఏళ్ళ తరబడి తీపి ముట్టని మా ఆయన చెంచాతో రసగుల్లా తినిపిస్తుంటే నాకు నవ్వొచ్చింది.

మూడింటికి ఆ నవ్వు పోయింది. పిల్లకి చెమటలు పట్టాయి, మెడ వాలిపోయింది, పిలిస్తే పలకలేదు. నర్సు పరుగున వచ్చి నరంలోకి గ్లూకోజ్ ఎక్కించింది. కాసేపటికి కళ్ళు తెరిచి "మా" అని తల్లిని పిలిచింది. ఆయన వరండాలోకి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్న గ్లూకోజ్ ఆపేశారు. ఆ తర్వాత కూడా సాయంత్రం దాకా చూసి అప్పుడు ఇంటికి పంపారు. మేం కాళీఘాట్ చూడలేదు, విక్టోరియా చూడలేదు. ఆసుపత్రి కాంటీన్‌లో చేపల పులుసు మాత్రం బావుంది.

తిరుగు బండి ఖరగ్‌పూర్ దాటింది. బాలాసోర్‌లో లక్ష్మి ఫోను.

"మావయ్యా, ఇది మంచమెక్కి ఒకటే గెంతుతోంది. ఎంత చెప్పినా ఇనట్నేదు."

"తిట్టకమ్మా, గెంతనీ," అన్నారు.

బుల్టి గోల పక్క సీట్లకి కూడా వినిపించింది. ఇంతలో సిగ్నల్ పోయింది. ఆయన మాత్రం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నారు.