“అర్థమైంది” అనకూడని ల్యాబ్

నిన్న సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర ఏరుకుంటుంటే జాన్ అంకుల్ ఫోన్ చేశారు.

“గ్రేస్ వెళ్లిపోయిందమ్మా. క్లాస్ చెప్తూ చెప్తూనే పడిపోయింది. బ్రెయిన్‌లో బ్లీడింగ్ అంట…”

“అర్థమైంది అంకుల్” అని పెట్టేశాను.

కొత్తిమీరకి బిల్లు కట్టి ఇంటికొచ్చాను. అప్పటికీ ఏడుపు రాలేదు.

తెలియనివాళ్ల కోసం. గ్రేస్ మేడం నా పీహెచ్‌డీ గైడ్. బాపట్ల ఆవిడ. జాన్ అంకుల్ వాళ్లాయన. ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఇల్లు, ఆదివారం తెలుగు చర్చి, మిగతా రోజులన్నీ ల్యాబ్‌లో మేమే.

నేను చేరిన కొత్తలో, ఫ్రీజర్‌లోంచి తీసిన సెల్స్‌ని, అంటే జీవకణాల్ని, ఎలా బతికించాలో చెప్పారు. బుద్ధిగా తలూపి “అర్థమైంది మేడం” అన్నాను. మన కాలేజీల్లో మనం బాగా నేర్చుకున్నది అదొక్కటే కదా!

మార్కర్ నా చేతిలో పెట్టారు. “అయితే బోర్డు మీద నాకు చెప్పు.”

రెండో స్టెప్ దగ్గరే ఆగిపోయాను. తిడతారనుకున్నా.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఏమ్మా, అర్థం కాలేదంటే నీ సొమ్మేం పోయింది? ఇంకోసారి చెప్తాను, విను.”

క్లాస్‌లో అండర్‌గ్రాడ్స్‌కీ అదే రూల్. తిరిగి చెప్పేదాకా ఎవరికీ అర్థమైనట్టు కాదు.

మా ల్యాబ్‌లో కైల్ అని ఒక అమెరికన్ అబ్బాయి. వాడికి వచ్చిన తెలుగంతా ఒకటే ముక్క: “అర్థం కాలేదు.” అది వింటే చాలు, మేడం మొహం వెలిగిపోయేది. ఎంత పనిలో ఉన్నా కుర్చీ లాక్కునేవారు.

ఇవాళ పొద్దున ల్యాబ్‌కి వెళ్లాను. సెల్స్‌కి మీడియా, అంటే అవి బతికే పోషక ద్రవం, మార్చాలి. వాటికేం తెలుసు పాపం.

ఇంకో గైడ్‌ని చూసుకోవాల్సి ఉంటుందని డిపార్ట్‌మెంట్ ఆవిడ మెల్లగా చెప్పింది. ఎవర్ని చూసుకోను? సగంలో ఉన్న ప్రాజెక్ట్. అది పని చేస్తుందని నమ్మింది మేడం ఒక్కరే. ఆవిడ నమ్మారు కాబట్టే నేనూ నమ్మాను, అంతే. ఇక నాకు ఓపిక లేదు.

“అంతా గాడ్స్ ప్లాన్” అని కింద కామెంట్ పెట్టకండి, ప్లీజ్. నాకే ప్లానూ కనబడట్లేదు.

కైల్ బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. మేడం గీసిన బాణాలు ఇంకా చెరపలేదు. నావైపు తిరిగి, వాడి యాసలో, నెమ్మదిగా అన్నాడు.

“అర్థం కాలేదు.”

ఇద్దరం ఆవిడ కుర్చీ వైపు చూశాం.

నాకూ కాలేదు మేడం. అంకుల్‌కి అబద్ధం చెప్పాను.

మీరు నమ్ముకున్న ప్రభువు దగ్గర ప్రశాంతంగా ఉండండి.

ఇక్కడ మాకు ఇంకోసారి చెప్పేవాళ్లు లేరు.