తెల్ల పెట్టకు పూసిన రంగు

మొన్న కొత్త ఎర్రచీర తడిపితే బకెట్టులో నీళ్లు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు అవ్వ తెచ్చిన తెల్ల కోడిపెట్ట గుర్తొచ్చింది.

అమ్మ పోయాక నన్ను హిందూపురం నుంచి ధర్మవరంలోని అవ్వ ఇంటికి తెచ్చారు. అప్పుడు నాకు ఏడేళ్లు. డబ్బుల్ని దుడ్లు అంటే బడిలో పిల్లలు నవ్వేవాళ్లు. నెల తిరక్కుండానే వాళ్ల మాదిరి మాట్లాడటం నేర్చుకున్నాను. నవ్వులు ఆగిపోయాయి.

అవ్వకు నాలుగు ఎర్ర పెట్టలుండేవి. సోమందేపల్లి నుంచి ఒక తెల్లదాన్ని తెచ్చి, పెరట్లో గంప కింద మూసింది.

“నాలుగు దినాలు ఈడనే ఉండనీ పాపా. చూసి చూసి అవే అలవాటు పడతాయి” అంది.

ఎర్రవి మాత్రం గంప సందుల్లో ముక్కులు దూర్చి పొడిచేవి. నేను చూడలేకపోయాను. రెండోరోజు అవ్వ లోపల పట్టునూలు చుడుతుండగా, అద్దకంలో మిగిలిన ఎర్రరంగు తెచ్చి తెల్లదాని మెడకూ వీపుకూ పూసి, వాటిలోకి వదిలాను.

నాలుగూ ఒక్కసారిగా మీద పడ్డాయి. అరుపులు విని అవ్వ వచ్చేసరికి దాని మెడ వాలిపోయింది.

“ఎందుకు పూసినావే?”

“వాటి మాదిరే ఉంటే పొడవవు అనుకున్యా.”

అవ్వ కొట్టలేదు. “ఎర్రగా కనపడితే కోళ్లు నెత్తురనుకుంటాయి పాపా. ఇంక యాడ ఆగుతాయి?” అంటూ దాన్ని తొట్టి దగ్గర కడిగింది. పారిన నీళ్లలో రంగెంతో, నెత్తురెంతో నాకు తెలియలేదు.

దుడ్లు అన్నది మా అమ్మ మాట. అదీ ఆ ఏడే నా నోట్లోంచి పోయింది.