పరిగెత్తనని వేసిన ఒట్టు

విజయశ్రీకి ఒకచోట కుదురుగా కూర్చోవడం ఏనాడూ చేతకాలేదు. ఫోన్ మాట్లాడుతూ ఇల్లంతా తిరుగుతుంది. టీ తాగుతూ గిన్నెలు సర్దుతుంది. పడుకున్నాక కూడా లేచి వెళ్ళి గరాజ్ తలుపు పడిందో లేదో చూసొస్తుంది. ఖమ్మంలో పుట్టి, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడి ఇరవై ఏళ్ళు దాటింది. స్థిరపడింది అనడం మాటవరసకే. కార్ల సీటు బెల్టులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. బొమ్మ మనుషుల్ని బండిలో కూర్చోబెట్టి, గోడకి గుద్దించి, ఎవరి మెడ ఎంత వంగిందో చూసే డిపార్ట్‌మెంట్. పొద్దస్తమానం అదే చూసే మనిషికి లోకంలో ప్రతిదీ ఇంకోదాన్ని గుద్దుకోబోతున్నట్టే కనిపిస్తుంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు.

అలాంటి తల్లికి అనుదీప్ పుట్టాడు. పుట్టినవాడు పోయి పోయి ఫుట్‌బాల్ పట్టుకున్నాడు. మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు కుమ్ముకునే అమెరికా ఫుట్‌బాల్. అందులోనూ వాడు క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి ముందుగా అందుకుని, ఎవరికి విసరాలో రెప్పపాటులో తేల్చుకోవలసిన కుర్రాడు. ఆ లోపల వాణ్ణి నేలకేసి కొట్టడమే ఎదుటి జట్టు పని. తెలిసినవాళ్ళ పిల్లలందరూ చెస్‌కీ స్పెల్లింగ్ పోటీలకీ పోతుంటే వీడికి ఇదేం బుద్ధి అని విజయశ్రీ మొగుడి మీద విరుచుకుపడేది. భానుప్రకాష్ వింటే కదా. కొడుకు బంతి విసిరితే చాలు, ఆయనకి ఒళ్ళు తెలిసేది కాదు.

స్కూల్లో ఉన్నన్నాళ్ళూ అనుదీప్ పరుగుకి పెట్టింది పేరు. విసరడానికి ఎవరూ దొరక్కపోతే బంతిని చంకలో పెట్టుకుని తనే దూసుకుపోయేవాడు. పదకొండో క్లాసులో అలా పోతుండగానే ఇద్దరు వచ్చి మీద పడ్డారు. కాలర్‌బోన్ విరిగింది. ఎమర్జెన్సీ బయట అటూ ఇటూ పచార్లు చేస్తున్న భార్యని కుదుటపరచడానికి భానుప్రకాష్ ఆట గురించి చెప్పుకొచ్చాడు. ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్‌లు రెండు రకాలట. మనవాడిలా పరుగెత్తేవాళ్ళు ఒక రకం. రెండో రకం వాళ్ళు ఉన్నచోటే నిలబడి విసురుతారు. వాళ్ళ చుట్టూ ఐదుగురు భారీ మనుషులు గోడలా కాపు కాస్తారు, ఆ గోడ లోపలి చోటుని పాకెట్ అంటారు. భానుప్రకాష్ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు గానీ, ఐదుగురు కాపు కాస్తారన్న దగ్గరే విజయశ్రీ చెవులు మూసుకుపోయాయి. సీటు బెల్టుల మనిషి కదా, ఆ మాట నేరుగా వెళ్ళి మనసులో కూర్చుంది.

ఏడాది తిరిగాక, రెండు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న కాలేజీ వాణ్ణి ఆడటానికి రమ్మంది. విజయశ్రీ వంటింట్లో ఉప్మాకి పోపు వేస్తూ వాణ్ణి పిలిచింది. ఆడితే ఆడు, కానీ పాకెట్ దాటి పరిగెత్తనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్ అంది. వాడు నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. ఆవిడ నడినెత్తిన అరచెయ్యి ఆనించి వేశాడు, వేశాక తప్పితే ఏమవుతుందని అడిగాడు. నా తల వెయ్యి చెక్కలవుతుందని చెప్పి, పోపు మాడుతోందని అటు తిరిగిపోయింది.

రెండో ఏడాదికి వాడు జట్టులో మొదటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. శనివారం వచ్చిందంటే విజయశ్రీకి ఇంట్లో కాలు నిలవదు. తెల్లారకుండా పులిహోర కలిపేది, మొగుణ్ణి తొందరపెట్టి బండెక్కించేది, తీరా స్టేడియంలో సీటు చూసుకున్నాక కూర్చోలేక మెట్ల వెనక్కి పోయి తిరిగేది. జనం గోల చేసినప్పుడల్లా పరుగున వచ్చి తొంగి చూసేది. కొడుకు అక్కడే, ఐదుగురి వెనకాలే ఉండేవాడు. పడిపోయేవాడు, నిజమే. లేచేవాడు కూడా. పరిగెత్తలేదు కదా, ఐదుగురున్నారు కదా అనుకుంటూ మళ్ళీ వెనక్కి పోయేది.

మిత్రుల ఇళ్ళల్లో భోజనాలకి కలిస్తే మగవాళ్ళకి ఇదే చర్చ. కదలని క్వార్టర్‌బ్యాక్‌కి కాలం చెల్లింది, కాలేజీ ఆటలో అయితే మరీనూ, కాళ్ళున్నవాడిదే రాజ్యం అని శశికాంత్ అనేవాడు. నిలబడ్డవాడికే మైదానమంతా కనిపిస్తుంది, చెయ్యి మంచిదైతే కాళ్ళతో పనేముంది అని భానుప్రకాష్ కొడుకుని వెనకేసుకొచ్చేవాడు. కారెక్కాక మాత్రం, ముందర అంత ఖాళీ ఉంటే వీడు అడుగు కదపడేమిటని తనలో తనే గొణుక్కునేవాడు. విజయశ్రీ కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ఒట్టు సంగతి మొగుడికి చెప్పలేదు. చెబితే తీయమంటాడని భయం.

అక్టోబరులో ఒక శనివారం ఆట లేదు. అనుదీప్ ఇంటికొచ్చాడు. దీపావళి వారం మధ్యలో పడింది గనక అందరిలాగే వీళ్ళూ దాన్ని ఆదివారానికి జరుపుకున్నారు. వాడు ముభావంగా ఉన్నాడు. ఏమిటని అడిగితే తండ్రికి చెప్పాడట, మొదటి సంవత్సరం కుర్రాడొకడు లేడిలా పరిగెడుతున్నాడు, వచ్చే శనివారం కూడా నువ్విలాగే స్తంభంలా నిలబడితే వాణ్ణే దింపుతాను అని కోచ్ తేల్చేశాడని. అయినా విజయశ్రీ ఒట్టు సంగతి ఎత్తలేదు. చోటు పోతే పోయింది, ఎముకలు మిగిలితే చాలని ఆవిడ లెక్క.

పొద్దున్నే తలంటు. వాషింగ్ మెషిన్ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసి, నువ్వుల నూనె వెచ్చబెట్టి రమ్మంది. ఆరడుగుల కొడుకు వచ్చి కూర్చున్నాడు గానీ టీషర్టు తీయనన్నాడు. తలకి చాలులే అన్నాడు. పండగ పూట ఏమిటీ పేచీ అంటూ ఆవిడే వెనకనుంచి చొక్కా పైకి లాగింది.

వీపు వీపులా లేదు. నడుము దగ్గర్నుంచి భుజాల దాకా కమిలిపోయి ఉంది. కొన్ని మచ్చలు కొత్తవి, నల్లగా. కొన్ని పసుపుపచ్చగా మారిన పాతవి. పక్కటెముకల మీద అరచెయ్యంత మేర వాపు. విజయశ్రీ చేతిలో నూనెగిన్నె ఒలికి నేలంతా అయింది.

"పరిగెత్తావు కదరా," అంది. తనకి వచ్చింది కోపమే అనుకుంది.

"లేదమ్మా. రన్ చేయలేదు. అందుకే."

ఆవిడకి అర్థం కాలేదు. వాడు నేల చూస్తూ, వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా విడమరిచాడు. పాకెట్‌లో నిలబడి విసురుతుంటే కళ్ళు దూరంగా ఉంటాయి, వెనకనుంచి వచ్చేవాడు కనపడడు, కనపడని దెబ్బకి ఒళ్ళు బిగపట్టుకోవడం కుదరదు. పరిగెడితే వచ్చేవాళ్ళు ఎదురుగా ఉంటారు, చూసి తప్పుకోవచ్చు, కాళ్ళు ముందుకి చాపి నేల మీద జారితే ఇక ఎవరూ ముట్టుకోకూడదని రూలు కూడా ఉంది. అప్పుడు విరిగింది ఆ జారడం సరిగ్గా రాకనే, ఇప్పుడు వచ్చు.

"మరి పరిగెత్తొచ్చు కదరా?"

"నీ తల మీద ఒట్టు కదా."

విజయశ్రీ నూనెలోనే చతికిలబడింది. దేవుడి గదిలో దణ్ణం పెట్టమంటే వందసార్లు చెప్పించుకునే పిల్లాడు. జాతకం అంటే నవ్వేవాడు. అలాంటివాడు, తను పోపు గొడవలో అనేసిన మాటని ఏడాదిన్నరగా వీపు మీద మోస్తున్నాడు. రోజూ బొమ్మల మెడలు కొలిచే తను, కన్నకొడుకుని కట్టేసి గోడకి గుద్దిస్తోంది. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చింది కూడా, భానుప్రకాష్ వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నా మానలేదు.

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను," అంది ముక్కు తుడుచుకుని.

అంతేనా, అలా తీసేయొచ్చా అని వాడు అనుమానంగా చూశాడు. ఎవరి తల మీద వేస్తే వాళ్ళు తీయొచ్చని గట్టిగా చెప్పింది. నిజంగా తీయొచ్చో లేదో ఆవిడకీ తెలియదు. ఖమ్మంలో చిన్నప్పుడు ఆటల్లో అలాగే అనేవాళ్ళు, అంతకుమించి ఆధారం లేదు. వాడు సరేనన్నాడు గానీ, ఆ సరేలో నమ్మకం కనిపించలేదు.

శనివారం చలిగాలి. ఆట మొదలైంది మొదలు విజయశ్రీ గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది. ఈసారి వెనక్కి పోలేదు, చూసి తీరాలనుకుంది. చూస్తే వాడు మళ్ళీ అక్కడే, ఆ ఐదుగురి వెనకాలే. ఎడమవైపు నుంచి ఒకడు దూసుకురావడం స్టేడియంలో అందరికీ కనిపించింది, వాడికి తప్ప. ఆ చప్పుడు ఆవిడ ల్యాబ్‌లో వినే చప్పుడే. భానుప్రకాష్ తల పట్టుకున్నాడు. అవతల ఆ మొదటి సంవత్సరం కుర్రాడు హెల్మెట్ పెట్టుకుని ఒళ్ళు వేడెక్కించుకోవడం మొదలుపెట్టాడు. పరిగెత్తమన్నాను కదరా, ఎందుకు వినవు అని విజయశ్రీ పళ్ళ బిగువున తిట్టుకుంది.

రెండో సగంలో మళ్ళీ బంతి అనుదీప్ చేతికొచ్చింది. ఐదుగురి గోడ కుడివైపు విరిగింది. వాడు ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత కదిలాడు. ఎడమకి తప్పుకుని, గోడ దాటి, ఖాళీలోకి పడి పరుగు అందుకున్నాడు. జనమంతా లేచారు. ఇద్దరు తరుముతుంటే పదిహేను గజాలు పోయి, సరిగ్గా వీళ్ళు కూర్చున్న వైపు గీత దగ్గర కాళ్ళు చాపి జారాడు. ఎవరూ ముట్టుకోలేదు.

జట్టువాళ్ళు వచ్చి వీపు తట్టారు. కోచ్ చప్పట్లు కొడుతూ రమ్మని సైగ చేశాడు. వాడు పోలేదు. లేచి నిలబడి, జనం వైపు తిరిగి, వరస వరసా వెతుకుతున్నాడు. తండ్రి మెచ్చుకోలు కోసమేమో అనుకుని విజయశ్రీ భానుప్రకాష్‌ని మోచేత్తో పొడిచింది. ఆయన రెండు చేతులూ ఊపాడు. వాడి చూపు ఆయన మీద ఆగలేదు, పక్కకి జరిగి ఆవిడ మీద నిలిచింది. హెల్మెట్ కమ్మీల వెనక ఆ ముఖం చూడగానే ఆవిడకి తెలిసిపోయింది. తను బతికే ఉందా అని చూస్తున్నాడు.

విజయశ్రీ బెంచీ ఎక్కి నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసినా లెక్కచేయలేదు. "నాకేం కాలేదు నాన్నా," అంది తెలుగులో, వాడికి వినపడేంత గట్టిగా. "పరిగెత్తు."

వాడు తలూపి, బంతిని అంపైర్ చేతికిచ్చి, జట్టు వైపు నడిచాడు.