మూడు పూట్లా అని రాసుకో

ముదిగుబ్బ దగ్గరి ఒక పల్లెలో అవ్వ పోయిందన్న మాట నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. పక్కింటామె ఫోన్ చేసింది. "మట్టి చేసేసినాము మేడం. మీకు చెప్పల్లని ఎవురికీ తోచలేదు" అంది. తోచకపోవడంలో తప్పేముంది? నేను ఆమెకు బంధువును కాను, ఆ ఊరిదాన్నీ కాను. నెలకొకసారి ప్రశ్నలడగడానికి బస్సు దిగిన మనిషిని.

చదివే మీకు సంగతి చెప్పాలి. ఒక సంస్థ అక్కడొక ఊళ్లో పెద్దవాళ్లందరికీ నెలనెలా డబ్బులిచ్చింది. ఏ షరతూ లేదు. ఊరికే ఇస్తే పేదవాళ్ల బతుకు ఎట్లా మారుతుందో చూద్దామని. పోల్చుకోవడానికి వంక అవతలి పల్లెను కూడా ఎంచుకున్నారు. ఆ పల్లెకు డబ్బులు లేవు, ప్రశ్నలు మాత్రమే. నా వంతుకు వచ్చింది ఆ పల్లె.

కష్టాలు గట్టిగా చెప్పుకుంటే తమకూ డబ్బులొస్తాయని అక్కడ అందరూ అనుకున్నారు. అట్లా రావని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. వాళ్ల స్థానంలో నేనైనా నమ్మను. నిన్న పెళ్లిభోజనం చేసి వచ్చినవాళ్లు కూడా వారం నుంచి పస్తులే అన్నారు. అవ్వ ఒక్కతే తిరగేసి చెప్పింది. కార్డులో వయసు తక్కువ పడి పెన్షన్ కూడా రాని మనిషి, ఒంటరిది. నేను పోగానే ఫారం పెట్టుకోమని చాట బోర్లించి ఇచ్చేది. "దినానికి ఎన్ని పూటలు తింటాండావవ్వా?" అంటే, "మూడు పూట్లా తింటాండా. రాసుకో" అని, నేను రాసేదాకా పెన్నునే చూసేది.

రాయగానే లేచేది. "నువ్వు తింటివా పాపా? మొగం చూస్తే తెలుస్తాది లే, రా." అన్నం, రోట్లో నూరిన శెనక్కాయల ఊరిబిండి. తనూ ఎదురుగా కూర్చుని తినేది. ధర్మవరంలో నాది ఒంటి గది, మెస్ భోజనం. తిన్నావా అని నన్నడిగే దిక్కు లేదు. అడగడమే ఉద్యోగమైనదాన్ని, ఒకరు నన్ను అడిగేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఒకసారి ఉండబట్టలేక, "నిజం చెప్పవ్వా" అన్నాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

"లేదని చెప్తే, నువ్వు నా ముందర కూర్చోని ఈ కూడు తింటావా?"

జవాబు నాకు అర్థమైంది. అయినా మూడు అని రాసిన గడిని దిద్దలేదు. వాళ్లు చెప్పిందే రాయాలన్నది నియమం. దాని చాటున దాక్కున్నాను. పై నెలా పోయాను, పై నెలా తిన్నాను. ఆ పిలుపు వదులుకునే ధైర్యం నాకు లేకపోయింది.

సర్వే ముగిసిన రోజు "మళ్లా వస్తావా?" అని అడిగింది. "వస్తా" అన్నాను. పోలేదు. చేతిలో ఫారం లేకుండా ఆ గడప ఎట్లా తొక్కాలో తెలియక సిగ్గేసింది. ఇవాళ రేపు అనుకుంటుండగానే ఏడాది దాటింది. ఆ ఫారాల్లో అవ్వ ఇప్పటికీ మూడు పూటలా తింటూనే ఉంది.

ఫోన్ వచ్చిన మర్నాడు బస్సెక్కాను. తలుపు సరిగా లేని ఆ ఇంటికి, గొర్రెలు దూరకుండా తుమ్మకంప అడ్డం పెట్టారు. అవ్వనే అడుగుతూ వచ్చిన ప్రశ్న ఆ రోజు పక్కింటామెను అడిగాను.

"యాడ మూడు పూట్లు మేడం? స్టోరు బియ్యం నెలంతా రావల్ల గదా. ఒగ పూటే. మీరొచ్చిన దినం మాత్రం రెండు పూట్లు. మీతో కూడా కూర్చోని తినల్లని ఇంగోసారి పొయ్యి ఎలిగిస్తాండె."

నేను ఎండలో అక్కడే నిలబడిపోయాను. మంద నుంచి విడివడిన గొర్రె ఒకటి వచ్చి, ముళ్ల సందులోంచి ఇంట్లోకి చూసింది. లోపల ఎవరూ లేరు. అది చాలాసేపు అట్లాగే చూస్తూ నిలబడింది.