చావు డప్పుకు పెళ్లి పాట

చనిపోయిన ఒక పెద్దావిడకు నేను పెళ్లి చేశాను. అదీ నిండు సభలో, తెర మీద. మీరు నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీదంటారా? నా మీదే. కొంచెం మా ఓనరు మీద కూడా.

అప్పట్లో తిరుపతిలో ఓ పెళ్లి వీడియోల స్టూడియోలో మిక్సింగ్ చేసేవాణ్ణి. తాళి కట్టేటప్పుడు గులాబీ రేకులు రాలాలి, అప్పగింతలప్పుడు తెర మసకబారాలి, నాకు తెలిసిన కళ అంతే. లైవ్ సౌండు మాత్రం ముందే వినపడకుండా నొక్కేసి పాట వేసేయాలి. ఎందుకంటే ఒకసారి చంద్రగిరి పెళ్లిలో "నగలన్నీ గిల్టువంట" అని పెళ్లికొడుకు మేనత్త అన్న మాట వీడియోలో ఖంగున వినిపించింది. రెండు కుటుంబాలూ ఒక్కటై వచ్చి మా స్టూడియో అద్దాలు పగలగొట్టాయి.

అలాంటి చోటికి అబెనా వచ్చింది. ఘనా దేశపు అమ్మాయి, ఇక్కడ కాలేజీలో చదువుతోంది. హాస్టల్ వంటామె దగ్గర తెలుగు నేర్చుకుంది. సెలవుల్లో ఇంటికెళ్లి, అడోవా అనే తమ సంప్రదాయపు నాట్యం మీద డాక్యుమెంటరీ తీసింది. నాలుగు రోజుల్లో కాలేజీలో చూపించాలి, లాప్‌టాప్ చూస్తే పాడైపోయింది.

"ముక్కలన్నీ వరసగా అతికిస్తే సాలన్నా. సౌండు మాత్రం జాగర్త. ఈ ఆటలో డప్పు మాట్లాడతాది, ఆడోళ్లు సేతుల్తో జవాబు సెప్తారు," అంది కెమెరా మెమరీ కార్డు ఇస్తూ.

ఇంకా చాలా చెప్పింది. నేను తలూపుతూనే ఉన్నాను. ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు!

"దిగులు పడాకు మా. అదరగొడతా," అన్నాను.

కార్డులోదంతా కంప్యూటర్లోకి ఎక్కించి చూశాను. జనం, డప్పులు, వరసగా కుర్చీలు, ఎరుపూ నలుపూ బట్టల్లో ఆడవాళ్లు మెల్లగా చేతులు తిప్పుతూ ఆడుతున్నారు. పెళ్లి కాక ఇంకేమిటి?

అంతలో ఓనరుగారి అమ్మ, మునెమ్మవ్వ, కొడుక్కి క్యారియర్ తెచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి నన్నడిగింది.

"రేయ్ ధనా, ఎవురు పోయినార్రా?"

"ఎవురూ పోలేదవ్వా. పెండ్లి."

"పెండ్లికి ఇట్ల కొడతారేమిరా? ఇది సావు డప్పు. నా సెవులకు తెలీదా?"

"ఆఫ్రికా డప్పు నీకేం తెలుసవ్వా! క్యారియర్ ఆడ పెట్టి పో."

ఆ మాట అన్న నోటిని ఏం చేయాలో చెప్పండి. పక్కనుంచి ఓనరు వత్తాసు: "ఫారిన్ కస్టమరురా. ఉండే ఎఫెక్టులన్నీ ఏసెయ్!"

వేశాను. డప్పు నొక్కేసి ముందు సన్నాయి, వెనకాలే ఓ ప్రేమపాట పెట్టాను. ఎరుపూ నలుపూ దిగులుగా ఉన్నాయని బంగారు రంగు కొట్టాను. మూల కూర్చుని ఏడుస్తున్న ముసలాయన పెళ్లికూతురి నాన్న అనుకుని చుట్టూ గుండె బొమ్మలు తిప్పాను. ముందర పెద్ద ఫోటోలో ఉన్న ఆవిడ మీద రేకులు కురిపించాను. చివర శుభం. ఆ కార్డు తుడిచేసి శ్రీకాళహస్తి పెళ్లి షూటింగుకి పంపేశాను.

మా అలవాటు ప్రకారం సరిగ్గా సమయానికి, ఒక్క నిమిషం ముందు కాకుండా, పెన్‌డ్రైవ్ పట్టుకుని కాలేజీకి వెళ్లాను. చప్పట్లు వినాలని వెనక వరుసలో కూర్చున్నాను కూడా. సన్నాయి మొదలవగానే ఎవరో నవ్వారు. గుండె బొమ్మలకు హాలంతా ఈలలు. అబెనా లేచింది.

"ఆపన్నా! ఆపు!"

పరుగున వెళ్లి ఆపాను. ఆమె కోపంగా నా ముందుకొచ్చి నిలబడింది.

"అది మా అమ్మమ్మ సావు. ఆ డప్పు కొట్టేది మా మేనమామ. ఆయమ్మను పేరు పెట్టి పిలస్తా ఉండాడు, కడాసారి. దాని మింద లవ్ సాంగు ఏసినావా?"

"నేను పెండ్లనుకున్నా మా..."

"నేను నీకు సెప్పినా. నువ్వు తలూపినావు. నా కార్డు నాకియ్యి. నాకాడ ఉండేది అదొక్కటే."

కార్డులో అప్పటికి శ్రీకాళహస్తి పెళ్లికొడుకు తలంబ్రాలు పోస్తున్నాడు. "స్టూడియోకి పోదాం రా మా," అన్నాను. స్కూటర్ వెనక ఆమెను ఎక్కించుకుని స్టూడియోకి వచ్చిపడ్డాను. దారంతా నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాస్తే అచ్చు వేయరు.

కంప్యూటర్ తెరిచాను. నేను డప్పును నొక్కానే గానీ చెరపలేదు. చెరపాలంటే ఇంకో రెండు మీటలు నొక్కాలి, ఆ బద్ధకం నన్ను కాపాడింది. సౌండు తెరిచాను. డప్పు పలికింది. అబెనా ఏడ్చేసింది.

ఖాళీ క్యారియర్ కోసం వచ్చిన అవ్వ ఆమె పక్కన చేరింది.

"ఎవురు పోయినారు పాపా?"

"మా అమ్మమ్మవ్వా."

అవ్వ ఆమె తల నిమిరి, నా వైపు తిరిగింది. "సూడు, అడిగితే సెప్పింది. నీకు అడిగే నోరు లేదా? తలకాయొకటే ఉండాదా ఊపను?"

ఆ రోజంతా అబెనాయే కూర్చుని అతికించుకుంది. మౌస్ మీదికి నా చెయ్యి పోతే అవ్వ క్యారియర్‌లోని గరిటెతో కొట్టింది. మర్నాడు అదే హాల్లో మళ్లీ వేశారు. డప్పు పిలిచినప్పుడు ఈల కాదు కదా, దగ్గు కూడా వినిపించలేదు.

అందుకే ఏడుకొండలవాడి మీద ఒట్టేసి చెబుతున్నాను: వినకుండా తలూపను, అడగకుండా పాట వేయను. ఇక నేను పోయిన రోజు వీడియో తీసేవాడికి ముందే చెప్పిపెడుతున్నా. డప్పు నొక్కొద్దు నాయనా. నా మీద ఒక్క గులాబీ రేకు రాలిందా, పాడె మీదనుంచి లేచొచ్చి తంతాను!