అద్దంకి బైపాస్ కింద పోయిన పొయ్యి

అద్దంకి దాటాక, బైపాస్ రోడ్డు పడబోయే ఒక మిరప చేలో పాత కుండపెంకులు బయటపడ్డాయి. గ్రావెల్ పోసి పూడ్చేలోగా అక్కడేముందో తవ్వి, కొలిచి, బొమ్మ గీసి పెట్టడం పురావస్తు శాఖ తరఫున నా పని. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి, కూలీలు దొరకడమే గగనం. చివరికి పక్క ఊరి నుంచి ఒక మేస్త్రమ్మ తన చర్చి ఆడవాళ్లను కూడగట్టుకొచ్చింది.

శనివారం పొద్దువాలుతుండగా ఆమె తవ్వుతున్న చోట మట్టితో మెత్తిన పొయ్యి కనబడింది. లోపల బూడిద, చుట్టూ కాలి ఎర్రబడిన ఇంటి నేల. "మా అత్త పొయ్యి కూడా ఇట్టాగే ఉండేది సారూ" అని నవ్వింది. వెలుతురు చాలదని నేను ఫొటో తియ్యలేదు. టార్పాలిన్ పట్టా కప్పించాను.

అంతలో రోడ్డు ఇంజినీరు ఫోను చేశాడు. సోమవారం పొద్దున్నే గ్రావెల్ లారీలు వస్తాయట. రేపు పెందలాడే రమ్మని మేస్త్రమ్మను అడిగాను.

"రేపు ఆదివారం కదండీ. ఆరాధన అయ్యాక అందరం వస్తాం."

"ఒక్క వారం మానితే దేవుడేమీ అనుకోడులే."

"ఆయన అనుకోడండీ, పాస్టరమ్మ అనుకుంటది."

ఆడవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఆదివారం గట్టు మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకెప్పుడూ చేతకాలేదు. రోడ్డు పనికొచ్చిన జేసీబీ డ్రైవరు ఖాళీగా ఉంటే పిలిచి, పొయ్యికి ఇవతల పైమట్టి కాస్త గీకమన్నాను.

"మొన్నటి వానకి నేల ఇంకా పచ్చిగానే ఉంది సార్. రేగడి కదా, పెళ్లలు పెళ్లలుగా లేస్తది."

"నేను చూస్తుంటాగా, కానివ్వు."

చూస్తూనే ఉన్నాను. మంచమంత పెళ్ల బకెట్టుకు అతుక్కుని లేచింది. పట్టా, పొయ్యి, ఎర్ర నేల అన్నీ దాంతోపాటే లేచి, తలకిందులుగా పడ్డాయి. రేగడిని తిట్టాను. ఇంజినీరును తిట్టాను. ఆదివారాన్ని కూడా తిట్టాను.

మధ్యాహ్నం వాళ్లు తెల్ల చీరల్లో, బైబిళ్ల సంచులతో నేరుగా చర్చి నుంచే వచ్చారు.

"పొయ్యేదండీ?" అంది మేస్త్రమ్మ.

"మిషను లాగేసింది" అన్నాను.

ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "ఏరా, ఒక్కపూట ఆగలేకపోయావా?"

అతను నా వంక చూశాడు. అప్పటికి గానీ నిజం ఒప్పుకోలేదు నేను. "అతను కాదమ్మా. నేనే తియ్యమన్నాను."

ఆమె చీర మీద పాత చొక్కా తొడుక్కుని, పెళ్ల ముందు కూర్చుని చేత్తో చిదపడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ కూర్చున్నారు. చీకటి పడేదాకా బూడిద, పెంకులు ఏరాం. ఏది ఎక్కడుండేదో ఎవరమూ చెప్పలేకపోయాం.

బొమ్మ గియ్యబోయి అడిగాను, "పొయ్యి నోరు ఎటు ఉందమ్మా?"

"తూర్పుకనుకుంటా సారూ. ఏమో, మీరు చూసుకోలేదా?"

చూసుకోలేదు. బొమ్మలో అక్కడ ఖాళీ వదిలేశాను. సోమవారం పొద్దున్నే పొయ్యి ఉన్న చోట గ్రావెల్ పోశారు.